అంకెల బొమ్మ – గీసేవాడి దృక్పథం

కథలో వస్తువు ప్రధానమా, శిల్పం ప్రధానమా అని మనం దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఆ వాదన ఇప్పట్లో తెగేది కాదు. ఐతే అదే ప్రశ్నను అంకెల విషయంలో ఎప్పుడైనా వేసుకున్నామా? బడ్జెట్ మర్నాడు దినపత్రిక మొదటిపేజీలో ఒక బొమ్మ వుంటుంది. నిలువు కమ్మీలో, ఎగుడుదిగుడు గీతో, ముక్కలుగా కోసిన గుండ్రటి పళ్ళెమో. కవిత చేతికొస్తే పంక్తి పంక్తినీ నిలదీసే మనం ఆ బొమ్మ ముందు మాత్రం నోరెత్తం. లెక్క కదా, నిజమే అయివుంటుందిలే అని పేజీ తిప్పేస్తాం. మరికొందరు లెక్కలు మన పని కాదని అసలు చూడనే చూడరు.

నేను ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకున్నవాణ్ణి. రెండు విద్యలూ కొంత తెలుసుననుకున్న నేనే ఈ విషయంలో తప్పుచేశాను. ఆ తప్పు నుంచే మొదలుపెడతాను.

మాది తడ. తూర్పున పులికాట్ సరస్సు, దాని కవతల శ్రీహరికోట దీవి, ఆ పైన బంగాళాఖాతం. పడమట శ్రీసిటీ కర్మాగారాలు. నడుమ చెన్నై నుంచి కోల్‌కతా పోయే రహదారి. సరస్సు బతకాలంటే సముద్రంతో కలిసే ముఖద్వారాలు తెరుచుకుని వుండాలి. ఇసుక మేటవేసి అవి పూడిపోతే ఆటుపోట్లు లోపలికి రావు. ఎండాకాలం నీళ్ళు ఇగిరి ఉప్పు పెరుగుతుంది. సముద్రం నుంచి రావలసిన రొయ్యపిల్ల, చేపపిల్ల రాదు. పూడిక తీయించమని ఒడ్డు పల్లెలవాళ్ళు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు.

అట్లాంటి ఒక పల్లె నుంచి ముగ్గురు పిల్లలు ఒకనాడు మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒక ఏడాదిపాటు పల్లెలోని పడవల వేట ఎంతో, అమ్మితే వచ్చిన డబ్బు ఎంతో ప్రతి సాయంత్రం రాసిపెట్టింది. మూడు నోటుపుస్తకాలు. అధికారులతో సమావేశముంది, అందులో చూపించడానికి ఒక బొమ్మ గీసివ్వమని అడిగారు.

నాకు సంతోషం కలిగింది, కొంచెం గర్వం కూడా. వారం రోజులు కూర్చుని అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. నెలనెలా సగటు కట్టాను. పన్నెండు కమ్మీలు, అవీ మందం వున్న దిమ్మెల్లాగా, నీడలతో, ఒక్కో నెలకు ఒక్కో రంగుతో. ఫ్లెక్సీ వేయించి పల్లెకు తీసుకుపోయి వలలు బాగుచేసుకునే పాక గోడకు కట్టాం. జనం వచ్చి చూశారు. బాగుందన్నారు. చేపల గంప పక్కన పెట్టి ఒక ముసలామె చాలాసేపు చూసి అడిగింది:

"అయ్యోరా, పొయ్యి రాజెయ్యని దినాలు ఇందులో యాడుండాయి?"

నేను వెతికాను. లేవు. వుండవు. నా చేత్తోనే వాటిని చెరిపేశాను.

సగటు చేసే పని ఏమిటో లెక్కల పుస్తకంలో వుంటుంది గానీ, అది ఎవరి బతుకును ఏం చేస్తుందో వుండదు. ఊహకు ఒక నెల తీసుకోండి. ఒక ఇంటికి రోజూ 300 రూపాయలు వస్తాయి. ఇంకో ఇంటికి పది రోజులు 900 చొప్పున వచ్చి, మిగిలిన ఇరవై రోజులు ఏమీ రాదు. ఇద్దరి సగటూ 300. కమ్మీలు గీస్తే రెండూ సమానంగా నిలబడతాయి. మొదటి ఇల్లు జాగ్రత్తగా గడుపుకుంటుంది. రెండో ఇల్లు వడ్డీకి తెస్తుంది, చేప దొరికిననాడు వచ్చిన 900 ఆ వడ్డీకే పోతుంది. సగటుకు బదులు మధ్యగతం తీసుకుని వుంటే, అంటే రోజుల ఆదాయాలను వరసగా పేర్చి నడిమిదాన్ని చూసి వుంటే, మొదటి ఇంటికి 300, రెండో ఇంటికి సున్న. పదో తరగతి పిల్లలకు నేనే ఈ రెండింటికీ తేడా చెప్పాను. చెప్పినవాడే గోడకు కట్టేటప్పుడు మరిచిపోయాడు.

1973లో ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. ఒక్కోదాంట్లో పదకొండు బిందువులు. నాలుగింటికీ సగటు దాదాపు ఒకటే, విస్తృతి ఒకటే, సంబంధాన్ని చెప్పే గుణకమూ ఒకటే. గ్రాఫు కాగితం మీద పెడితే మాత్రం ఒకటి చెదురుమదురుగా ఎగబాకే బారు, ఒకటి వంపు, ఒకటి తిన్నని గీతకు దూరంగా ఒంటరిగా నిలబడ్డ ఒక్క చుక్క, నాలుగోది నిటారు గోడ. అంకెల సారాంశం చాలు, బొమ్మ దేనికి అనేవాళ్ళకు ఆయన ఇచ్చిన జవాబు అది. నా దిమ్మెలు ఈ పాఠానికి సరిగ్గా ఎదురు నడిచాయి. బొమ్మ గీసి కూడా సారాంశాన్నే గీశాను.

మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఈసారి కంప్యూటరు తెరవలేదు. పెద్ద గ్రాఫు కాగితాలు అంటించి, రోజుకు ఒక గడి చొప్పున ఏడాదికి 365 గళ్ళు గీశాను. ఆ రోజు పల్లెకు వచ్చిన డబ్బును బట్టి పెన్సిలు నలుపు – తక్కువకు లేత, ఎక్కువకు ముదురు, నాలుగే మెట్లు. ఏమీ రాని రోజు గడి తెల్లగా ఖాళీ. పని సగం అయ్యేసరికే కనబడసాగింది. తెల్ల గళ్ళు ఒకటీ అరా కాదు, గుంపులు గుంపులుగా వున్నాయి. ముసలామె అడిగిన దినాలు అవే.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. మొదటి వరస ఏ నెల? చేతి అలవాటుగా జనవరితో మొదలుపెట్టాను. అప్పుడు కళ కట్టిన రోజులు కాగితం మీద రెండు ముక్కలయ్యాయి, పైన కొంత, అడుగున కొంత. మా ప్రాంతానికి వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. వాన పడితే కాళంగి, స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి సరస్సుకు నీళ్ళు తెస్తాయి. ఫ్లెమింగోలు అక్టోబరులో దిగి ఎండలు ముదిరేలోగా పోతాయి. నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టేదీ ఆ కాలంలోనే. 1976లో ఆ చెరువును పక్షుల రక్షిత కేంద్రం చేశారు. అంటే మా సరస్సు ఏడాది జనవరిలో మొదలవదు. జనవరి నుంచి డిసెంబరు దాకా గీత గీస్తే ఒకే ఋతువు నడిమికి తెగి, ఏడాదికి రెండుసార్లు పక్షులు వచ్చిపోతున్నట్టు కనబడుతుంది. జూలై నుంచి జూన్ దాకా గీస్తే ఒకే మిట్ట – ఎక్కడం, నిలవడం, దిగడం. అంకె ఒక్కటీ మారలేదు. మొదలు మారింది, కథ మారింది. కథకులకు ఇది కొత్త సంగతి కాదు. కరువు కథను వానకారులో మొదలుపెడతామా, వలసబండి కట్టిన నాడు మొదలుపెడతామా అని మనం రాత్రుళ్ళు ఆలోచిస్తాం. గ్రాఫు అడ్డగీత ఎడమ కొస దగ్గర కూడా అంత ఆలోచనా అవసరమే.

జూలై వరస పైకి తెచ్చాక పల్లెలో ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఇంగ్లీషు నెలలు మీకు జీతాల కోసం, మాకు అమాసా పున్నములే లెక్క అన్నాడు. సరే చూద్దామని ఒక కాగితం అమావాస్య నుంచి అమావాస్యకు ఒక వరసగా పేర్చాను. నలుపు గళ్ళు కొన్ని ఒకదాని కింద ఒకటి నిలువుగా సర్దుకున్నాయి. అన్నీ కాదు, కొన్ని. ఏడాది లెక్కతో పెద్ద మాటలు చెప్పకూడదు కాబట్టి అది సిద్ధాంతమని నేననను. కానీ వరస వెడల్పు ఎంత వుండాలో నిర్ణయించేది కూడా ఒక జ్ఞానమే అనీ, అది నా దగ్గర లేదనీ, ఆయన దగ్గర వుందనీ తెలిసింది.

ఖాళీ గళ్ళన్నీ ఒకే రకం ఖాళీలు కావని ఆ అమ్మాయి చెప్పింది. నోటుపుస్తకం అంచుల్లో రాసిపెట్టుకుంది కూడా. అందుకని ఒక్కో తెల్ల గడిలో ఒక అక్షరం వేశాం. గాలికి పోలేకపోతే 'గా'. పోయినా చేప పడకపోతే 'చే'. నీళ్ళు లేక పడవ కదలకపోతే 'నీ'. పండగైతే 'పం'. రాకెట్టు రోజైతే 'రా'. శ్రీహరికోటలో ప్రయోగమున్ననాడు ఆవలి సముద్రం వైపు వేటకు పోనివ్వరు. అక్షరాలు పడ్డాక గోడ మీది కాగితం మాట్లాడటం మొదలుపెట్టింది. 'రా'లు పల్లెవాళ్ళు అనుకున్నన్ని లేవు. 'నీ'లు ఎండాకాలంలో బారుతీరాయి. ముఖద్వారం గురించి అడగదలుచుకున్న మాట ఆ బారులో వుంది. ఏడాది మొత్తపు సగటులో లేదు.

రాకెట్టు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. నాకు తెలిసిన మంచి అంకెల బొమ్మల్లో ఒకటి ప్రయోగం రోజు టి.వి.లో చూపించే ఆ తెర. అందులో పోవలసిన దారి ముందే ఒక గీతగా గీసివుంటుంది. పోతున్న దారి దాని మీద పడుతూ వస్తుంది. మూడు రంగులు లేవు, నీడలు లేవు. పోల్చవలసిన రెండింటినీ ఒకే చోట పెట్టారు, అంతే. 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున జి.ఎస్.ఎల్.వి. – ఎఫ్ 10 పైదశలోని క్రయోజెనిక్ ఇంజను మండలేదు. ప్రకటన వెలువడక ముందే, గీత పక్కకు ఒరగడం చూసి మా వీధిలో చదువుకోనివాళ్ళు కూడా 'పోయింది' అన్నారు. దేనితో పోల్చి చూడాలో చెప్పిన బొమ్మకు వ్యాఖ్యానం అక్కర్లేదు. పల్లె ఆదాయం ఇంత అని ఒంటరి కమ్మీ నిలబెట్టి ఊరుకునే నివేదికలు దేనితో పోల్చాలో చెప్పవు. నిరుటితోనా? పక్క పల్లెతోనా? బియ్యం ధరతోనా?

ఇక ఇతరులు గీసిన బొమ్మలను చదవడం గురించి. కమ్మీ పొడవును చూసి మన కన్ను పరిమాణాన్ని అంచనా వేస్తుంది. కాబట్టి కమ్మీ సున్న దగ్గర మొదలవకపోతే అది అబద్ధం చెప్పినట్టే. 96, 98 అనే రెండు అంకెలను 95 దగ్గర నుంచి మొలిపిస్తే ఒకటి ఇంకోదానికి మూడింతలుగా కనబడుతుంది. ఎన్నికల ముందు ఈ జాతి కమ్మీలు విరివిగా మొలుస్తాయి. ఐతే ఈ సూత్రాన్ని గుడ్డిగా గీతలకు కూడా పట్టించేవాళ్ళున్నారు. ఆసుపత్రి మంచం దగ్గర వేలాడే జ్వరం పట్టిక గుర్తు తెచ్చుకోండి. దాన్ని సున్న డిగ్రీల నుంచి గీస్తే 98 కీ 104 కీ మధ్య తేడా చదునైపోతుంది, రోగి చచ్చిపోతున్నా గీత ప్రశాంతంగా వుంటుంది. గీత చెప్పేది మార్పును, కమ్మీ చెప్పేది పరిమాణాన్ని. దేనికి ఏది అడుగుతున్నామో తెలుసుకున్నాకే సున్న గురించి మాట్లాడాలి.

వృత్తాన్ని ముక్కలుగా కోసే బొమ్మ మీద నాకు గౌరవం తక్కువ. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల కన్ను దేన్ని ఎంత సరిగ్గా పోల్చగలదో ప్రయోగాలు చేసి చూశారు. ఒకే కొలబద్ద మీద వున్న చుక్కల స్థానాన్ని కన్ను బాగా పోలుస్తుంది. పొడవును తర్వాత. కోణాన్ని ఇంకా తక్కువగా, వైశాల్యాన్ని అంతకంటే తక్కువగా, రంగు చిక్కదనాన్ని మరీ తక్కువగా. నా గళ్ళ కాగితం ఈ చివరి మెట్టు మీదే వుందని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఏ రోజు ఎన్ని రూపాయలో దాన్ని చూసి చెప్పలేరు. అక్కడ నాకు కావలసింది రూపాయి కచ్చితత్వం కాదు, తెల్లదనం ఎక్కడ గుమిగూడిందో తెలియడం. ముక్కల పళ్ళెం రెండు మూడు ముక్కలకు పనికొస్తుంది. ఏడెనిమిది ముక్కలైతే పట్టిక మేలు. దానికి మందం కల్పించి వాలుగా పడుకోబెడితే ముందువైపు ముక్క పెద్దదిగా కనబడుతుంది. ఆ ముందువైపు ఎవరి ముక్క పెడతారో గమనిస్తూ వుండండి.

ఈ రూపాల చరిత్ర మన చరిత్రకు దూరమైనది కాదు. కాలాన్ని అడ్డగీత మీద పెట్టి వ్యాపారపు లెక్కలను గీతలుగా గీయడం, కమ్మీలు నిలబెట్టడం విలియం ప్లేఫేర్ 1786లో అచ్చువేసిన పటాల పుస్తకంతో స్థిరపడింది. వృత్తాన్ని ముక్కలుచేయడమూ 1801లో ఆయన పనే. ఆ మొదటి పుస్తకంలో ఇంగ్లండుకు ఈస్టిండీస్‌తో జరిగిన వ్యాపారపు పటం కూడా వుంది. మా సరస్సు దక్షిణపు ఒడ్డున డచ్చివాళ్ళు 1613లో కోట కట్టింది, ఉత్తరపు కొసన దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1626లో దిగింది ఈ తీరం నేతగుడ్డల కోసమే. ఆ గుడ్డలు నేసిన చేతులు ప్లేఫేర్ పటంలో ఎగుమతి గీత, దిగుమతి గీత – ఆ రెంటి మధ్య రంగువేసిన ఖాళీ. పటం అందమైనదే. లండనులో కూర్చుని లాభనష్టాలు చూసుకునేవాడికి కావలసినదంతా అందులో వుంది. ఎవరి ప్రశ్నకు జవాబుగా గీశారో ఆ ప్రశ్న మాత్రమే బొమ్మలో వుంటుంది.

మరో ప్రశ్న అడిగినవాళ్ళు కూడా వున్నారు. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు గాయాలతో కంటే నివారించదగిన రోగాలతో ఎక్కువగా చచ్చిపోయారని ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో రంగుల రెక్కల బొమ్మ గీసి చూపించింది. దీపం పట్టుకున్న నర్సుగానే మన వాచకాలు ఆమెను పరిచయం చేశాయి. గణాంకాలతో మంత్రులను నిలదీసిన మనిషిగా చెప్పలేదు. 1900లో పారిస్ ప్రదర్శనకు డుబోయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయంలోని ఆయన విద్యార్థులు అమెరికా నల్లజాతి ప్రజల ఆస్తి, అక్షరాస్యత, వృత్తుల లెక్కలను చేత్తో గీసి, రంగులు వేసి పంపారు. బానిసత్వం పోయి నలభై ఏళ్ళు కాలేదు. ఆ బొమ్మల్లో గీతలు కొన్ని కాగితం పట్టక మడతలు పడి చుట్టలు తిరుగుతాయి. కొలత పద్ధతి దృష్ట్యా అవి తప్పని పండితులు అనవచ్చు. నాకు మాత్రం ఆ చుట్ట చూసినప్పుడల్లా కాగితమే చాలకపోవడం కనబడుతుంది.

మన పత్రిక పాఠకులకు అన్నిటికంటే దగ్గరివాడు ఆటో న్యూరాత్. 1925లో వియన్నాలో కార్మికులూ వాళ్ళ పిల్లలూ వచ్చి చూసే ఒక సామాజిక, ఆర్థిక మ్యూజియం పెట్టాడు. ఇళ్ళు, జీతాలు, శిశుమరణాలు – అన్నీ బొమ్మలే. ఆయన నియమం సులువైనది: ఎక్కువను చూపించడానికి బొమ్మను పెద్దది చేయకూడదు, అదే బొమ్మను మళ్ళీ మళ్ళీ వేయాలి. కారణం లెక్కలోనే వుంది. దిగుబడి రెండింతలైందని కుండ బొమ్మను రెండింతల ఎత్తు, రెండింతల వెడల్పు చేస్తే కాగితం మీద నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. నిజం కుండే అనుకుంటే ఎనిమిదింతల నీళ్ళు పడతాయి. అదే రెండు కుండలు పక్కపక్కన పెడితే రెండంటే రెండే. చదువురానివాళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ మ్యూజియంలో ఇంకో సంగతి నన్ను ఆకర్షించింది. అంకెలు తెచ్చే నిపుణుడికీ బొమ్మ చెక్కే చిత్రకారుడికీ నడుమ ఇంకొక మనిషిని పెట్టారు. ఏది చెప్పాలి, ఏది వదలాలి, ఏ వరసలో పేర్చాలి అని నిర్ణయించే పని ఆ మనిషిది. తర్వాత న్యూరాత్ భార్య అయిన మరీ ఆ పని చేసేది; చిత్రాలు గెర్డ్ ఆర్న్‌ట్జ్ చెక్కేవాడు. 1934లో వాళ్ళు వియన్నా వదిలి హేగ్‌కు పోవలసి వచ్చింది. మరీ చేసినది నా దృష్టిలో పూర్తిగా రచయిత పని. ఆ కుర్చీ మన దగ్గర ఖాళీగా వుంది. అంకెలు అధికారి దగ్గర, బొమ్మ ప్రెస్సు కుర్రాడి దగ్గర వుండిపోయాయి.

మినార్డ్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1869లో నెపోలియన్ రష్యా దండయాత్రను ఒకే బొమ్మలో గీశాడు. నీమన్ నది దాటినప్పుడు 4,22,000 మంది సైన్యం వెడల్పాటి పట్టీ. తిరిగి వచ్చేటప్పటికి 10,000 మంది, దారమంత. అడుగున చలి ఎంతో రాశాడు. టాల్‌స్టాయ్ 'యుద్ధము – శాంతి' పుస్తకరూపంలో పూర్తయింది కూడా 1869లోనే. రెండూ పక్కపక్కన పెట్టి సాహిత్య విద్యార్థులు ఎవరైనా ఒక వ్యాసం రాస్తే చదవాలని వుంది.

స్థానికమైన ఒక హెచ్చరిక చేయాలి. జిల్లాలవారీ లెక్కలతో గీతలు గీసేవాళ్ళు మా ప్రాంతంలో పప్పులో కాలు వేస్తారు. తడ 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లాలో వుండి, ఆనాటి నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. పక్కనే వున్న సత్యవేడు చిత్తూరు జిల్లా నుంచి వచ్చింది. ఆ సత్యవేడు ప్రాంతం మళ్ళీ 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలోనిది. బదులుగా తిరుత్తణి అటు పోయింది. ఇప్పుడు 2015 నుంచి 2025 దాకా నెల్లూరు జిల్లా చేపల దిగుబడి అని ఒక గీత గీసి, 2022 దగ్గర అది పడిపోవడం చూపించి, మత్స్యకారుల పతనం అని శీర్షిక పెడితే ఏమవుతుంది? పడిపోయింది చేప కాదు, సరిహద్దు. నిజమైన పతనం ఏమన్నా వుంటే అది కూడా ఈ అబద్ధపు పతనం వెనక దాక్కుంటుంది. అట్లాంటి చోట గీతను తెంచి, జిల్లా మారింది అని అక్కడే రాయాలి. వీలైతే మండలాల లెక్కలు తెచ్చి పాత హద్దుల ప్రకారం కూడుకోవాలి. సరస్సు పటం గీసేవాళ్ళకూ ఇదే చిక్కు. వానలకు నిండిన పులికాట్‌కూ మే నెల పులికాట్‌కూ ఒకే నీలిరంగు పులిమితే ఒడ్డున ఎండిన బురదలో నడిచేవాడు ఆ పటంలో మునిగిపోయి కనబడతాడు. రెండు గీతలు గీయాలి, రెండు నెలల పేర్లు రాయాలి.

సాధనాల గురించి కుర్రవాళ్ళు ఎక్కువ అడుగుతారు. దీని గురించి నేను తక్కువే చెబుతాను. మొదట గ్రాఫు కాగితం, పెన్సిలు, రబ్బరు. చేత్తో గీస్తే ప్రతి అంకె దగ్గరా ఆగవలసి వస్తుంది, ఆగినప్పుడే అనుమానం పుడుతుంది. వందల అంకెలైతే ఎక్సెల్ గానీ, డబ్బు పెట్టనక్కర్లేని లిబ్రెఆఫీస్ కాల్క్ గానీ చాలు. కాకపోతే తెరవగానే అది ఇచ్చే బొమ్మను ఎప్పుడూ ఒప్పుకోకండి. రంగులు, నీడలు, అడ్డదిడ్డపు గళ్ళు తీసేయండి, గీత పేరు పక్కనపెట్టెలో కాకుండా గీత కొసనే రాయండి. పత్రికలకు తొందరగా కావాలంటే డేటారాపర్ వుంది. పటాలకు క్యూజిఐఎస్. వేల అంకెలూ, మళ్ళీ మళ్ళీ చేయవలసిన పనీ వుంటే ఆర్ గానీ పైథాన్ గానీ నేర్చుకోవడం దండగ కాదు. చేసిన ప్రతి మెట్టూ రాతలో నిలిచివుంటుంది కాబట్టి ఇంకొకరు తప్పు పట్టవచ్చు. మన పనికి ఆ గుణం ముఖ్యం. తెలుగుకు ఒక బాధ వుంది. నేను వాడిన ఒక సాధనం ఒత్తులన్నీ ఊడదీసి పక్కన పెట్టింది. 'పులికాట్' బాగానే వచ్చింది, 'శ్రీహరికోట' ముక్కలయింది. ముందే ఒక పరీక్ష బొమ్మ తీసి, 'స్వర్ణముఖి' అని రాసి, అచ్చులో చూసుకుని ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

మన పత్రికలు అచ్చయ్యేది చాలావరకు నలుపు తెలుపుల్లో. తెర మీద ఎరుపూ ఆకుపచ్చా బాగానే విడిపోతాయి. జిరాక్సు తీస్తే రెండూ ఒకే బూడిద. ఆ రెండు రంగులకూ తేడా కనబడని మనుషులు కూడా మన మధ్య వున్నారు. అందుచేత రంగు లేకుండా అర్థమయ్యేట్టు గీసి, వీలుంటే తర్వాత రంగు వేయాలి. నా మొదటి ఫ్లెక్సీ ఫొటో జిరాక్సు తీసి చూశాను. పన్నెండు నెలలూ ఒకే మసి.

గళ్ళ కాగితం తీసుకుని సమావేశానికి పోయాం. అధికారి మర్యాదగానే చూశాడు. ఇదంతా బాగుంది గానీ నెలకు సగటున ఎంత వస్తుందో చెప్పండి అన్నాడు. ఆయన ఫారంలో ఆ ఒక్క గడే వుంది. అమ్మాయి సగటు చెప్పింది, చెప్పి, ఎండాకాలపు తెల్ల గళ్ళు ఎన్నో కూడా చెప్పి రాసుకోమంది. ఆయన మార్జిన్‌లో రాసుకున్నాడు. ఆ రాత ఎంతవరకు పోయిందో ఇంకా కబురు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఇంకో మాట అంది. "మనం పడవలే రాసినాం సార్." సరస్సు అంచున మోకాలిలోతు నీళ్ళలో చేతులతో తడివి రొయ్యలు పట్టే యానాది ఆడవాళ్ళు మూడు నోటుపుస్తకాల్లో ఎక్కడా లేరు. వాళ్ళకు పడవ లేదు కాబట్టి లెక్క లేదు. నా గళ్ళలో సున్నాకు తెల్ల గడి వుంది గానీ, అసలు అడగనివాళ్ళకు గడే లేదు. ఏమీ రాలేదనడం వేరు, ఎంత వచ్చిందో ఎవరూ రాయలేదనడం వేరు. నేను రెండింటినీ ఒకే తెలుపులో కలిపేశాను.

పాకలోని కాగితం అడుగున ఇంకో వరస అంటించాం. రాయనిదాన్ని తెల్లగా వదలకుండా వాలుగీతలు గీసి, 'లెక్క రాయలేదు' అని పక్కన పెట్టాం. జూలైలో కొత్త ఏడాది కాగితం మొదలైంది. రెండో వరసలో మొదటి గడి నింపింది రొయ్యలు పట్టే ఆమె కూతురు, ఏడో తరగతి. అరకిలో, వంద రూపాయలు. ఏ నలుపు వేయాలని నన్ను అడిగింది. పడవల కోసం నేను పెట్టిన నాలుగు మెట్లలో అది లేత నలుపు కింద కూడా రాలేదు. ఆ వరసకు వేరే కొలబద్ద పెట్టాలా, అదే కొలబద్ద మీద అంత లేతగానే కనబడనివ్వాలా అని ఇప్పుడు పాకలో వాదన నడుస్తోంది.